చేప మేత నుంచి దీపం దాకా: రెఫ్యూజియంకు లైటు ఎంచుకోవడం

(ఉప్పునీటి అక్వేరియంలు పెంచేవారి సమావేశంలో హైదరాబాద్‌లో ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. రెఫ్యూజియంకు ఏ లైటు కొనాలి అన్నది ఈ పూట నాకిచ్చిన అంశం. ఈ ప్రశ్న అడిగేవారు సాధారణంగా రెండు మాటల్లో జవాబు కోరుకుంటారు. ఎన్ని వాట్లు? ఏ రంగు? ఆ రెండింటికీ నేను జవాబు చెబుతాను. కానీ అంతకుముందు నేను అడిగేది వేరే ఉంది. మీ చేపలకు రోజుకు ఎంత మేత వేస్తున్నారు? లైటు లెక్క అక్కడ మొదలవ్వాలి. షాపులో పెట్టె మీద రాసిన అంకెల దగ్గర మొదలుపెడితే ఎన్ని లైట్లు మార్చినా ఫలితం అంతుపట్టదు.

కొత్తగా వచ్చినవారి కోసం ఒక్క మాట. ప్రధాన ట్యాంకు కింద క్యాబినెట్‌లో సంప్ ఉంటుంది. ఇంటి ముందు మంచినీళ్ల సంపు కాదు, ట్యాంకు నీరు దిగివచ్చి, శుద్ధి అయి, మళ్లీ పైకి వెళ్లే గాజు తొట్టి. అందులో ఒక గది వేరు చేసి సముద్రపు నాచు పెంచితే అదే రెఫ్యూజియం. చేపలు అందులోకి రావు కనుక కోపిపాడ్లు, ఆంఫిపాడ్ల వంటి చిన్న జీవులు అక్కడ నిశ్చింతగా పెరుగుతాయి. నాచు నీటిలోని నైట్రేట్‌ను, ఫాస్ఫేట్‌ను తన ఒంట్లోకి తీసుకుంటుంది. మనం ఆ నాచును కోసి బయట పడేస్తాం. నైట్రేట్ నిజంగా ట్యాంకు దాటి వెళ్లేది ఆ కోత రోజునే. నాచు నీటిలో ఉన్నంతకాలం అది దాచి ఉంచిన పోషకమే. నాచు కుళ్లితే ఆ పోషకం తిరిగి నీళ్లలో కలుస్తుంది.

మన దగ్గర ఇది మరింత అవసరం. గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు. అందుకే మన ట్యాంకుల్లో ఎక్కువగా చేపలు, రాళ్లు ఉంటాయి. చేపలు ఎక్కువైతే మేత ఎక్కువ, మేత ఎక్కువైతే నైట్రేట్ ఎక్కువ. కాబట్టి ఆ మేత దగ్గరకే వెళదాం.

బోర్డు మీద రాస్తున్నాను, మీరు కూడా కాగితం తీయండి. ట్యాంకు 200 లీటర్లు. రోజుకు ఒక గ్రాము పొడి మేత. మేతలో 45 శాతం ప్రొటీన్ అనుకుందాం, డబ్బా వెనక రాసి ఉంటుంది, మీ మేతను బట్టి మార్చుకోండి. ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని. అంటే గ్రాము మేతతో 72 మిల్లీగ్రాముల నత్రజని నీళ్లలోకి దిగుతోంది. వారానికి దాదాపు అర గ్రాము. ఇందులో కొంత చేప ఒంటికి పడుతుంది, కొంత స్కిమ్మర్, అంటే నీటిలోని మురికిని నురగగా తీసే పరికరం, లాగేస్తుంది, కొంతను రాళ్ల లోపలి బ్యాక్టీరియా వాయువుగా మార్చి వదిలేస్తుంది. ఇవన్నీ పోగా సగం మిగిలిందని పెట్టుకుందాం. పావు గ్రాము, అంటే 250 మిల్లీగ్రాములు. దాన్ని నైట్రేట్‌గా లెక్కిస్తే 1,100 మిల్లీగ్రాములు. 200 లీటర్లలో కలిస్తే లీటరుకు అయిదున్నర మిల్లీగ్రాములు. వారం వారం నైట్రేట్ అంత పెరుగుతూ పోతోందన్న మాట. నీళ్లు మార్చి మార్చి విసిగిపోయినవారికి ఈ అంకె తెలిసే ఉంటుంది.

ఇప్పుడు నాచు వైపు నుంచి చూద్దాం. మనం ఎక్కువగా పెంచేది కీటోమార్ఫా అనే ఆకుపచ్చ పోగుల నాచు. నీళ్లు గట్టిగా పిండి తూస్తే వంద గ్రాములు వచ్చిందనుకోండి, అందులో ఎండు పదార్థం పది గ్రాముల చుట్టూ ఉంటుంది. ఆ ఎండు పదార్థంలో నత్రజని రెండు నుంచి మూడు శాతం. రెండున్నర పెట్టుకుంటే సరిగ్గా 250 మిల్లీగ్రాములు. అంటే రోజుకు గ్రాము మేత వేసే ట్యాంకులో నైట్రేట్ పెరగకుండా ఆగాలంటే వారానికి వంద గ్రాముల నాచు కోయగలగాలి. మన లక్ష్యం ఇదే. లైటు కొనేది ఈ వంద గ్రాముల కోసం.

వంద గ్రాముల నాచుకు ఎంత కాంతి కావాలి? ఎండు పదార్థంలో సుమారు 30 శాతం కర్బనం ఉంటుంది. పది గ్రాముల్లో మూడు గ్రాములు, అంటే అణువులను లెక్కించే కొలతలో పావు మోల్. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును చక్కెరగా మలచడానికి కిరణజన్య సంయోగక్రియకు సిద్ధాంతరీత్యా కనీసం ఎనిమిది ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, కావాలి. నిజ జీవితంలో అంత పొదుపుగా జరగదు. చీకట్లో శ్వాసక్రియకు ఖర్చయ్యేది ఉంది, వృథా ఉంది. ఇరవై అనుకుందాం. పావు మోల్‌ను ఇరవైతో గుణిస్తే అయిదు మోల్‌ల ఫోటాన్లు, వారానికి. రోజుకు 0.7 మోల్. దీపం రోజుకు 14 గంటలు వెలిగితే, సెకనుకు 14 మైక్రోమోల్‌లు (మోల్‌లో పది లక్షలో వంతు ఒక మైక్రోమోల్) నాచు మీద పడాలి. నాచు గది 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు అయితే, చదరపు మీటరుకు సెకనుకు 157 మైక్రోమోల్‌లు అవుతుంది. నీటి ఉపరితలం కొంత వెనక్కి కొడుతుంది, పైన గాజు మూత ఉంటే అది కొంత మింగుతుంది. అందుకని 200 పెట్టుకుందాం. పోలిక కోసం చెబుతున్నాను, మిట్టమధ్యాహ్నపు నిండు ఎండ దాదాపు 2,000 ఉంటుంది. మనకు కావలసింది అందులో పదో వంతు.

ఇక వాట్లు. 30 సెంటీమీటర్ల చదరం మీద 200 పడాలంటే మొత్తం సెకనుకు 18 మైక్రోమోల్‌లు. ఈనాటి మంచి ఎల్‌ఈడీ ఒక్క వాటుకు సెకనుకు రెండు మైక్రోమోల్‌లైనా ఇస్తుంది. తొమ్మిది వాట్లు. కాంతిలో సగం గోడల మీదకూ బయటకూ పోతుందనుకున్నా 18, సరే, 20 వాట్లు.

ఇరవై వాట్లు! ఈ అంకె చూసి మీలో కొందరు నమ్మలేనట్టు చూస్తున్నారు. 200 లీటర్ల ట్యాంకు కింద మొక్కల పెంపకానికి అమ్మే 100 వాట్ల గ్రో లైటు పెట్టినవాళ్లు ఇక్కడే ఉన్నారని నాకు తెలుసు. నేను వేసుకున్న అంచనాల్లో ఏది అటూ ఇటూ అయినా ఫలితం 15 నుంచి 40 వాట్ల మధ్యలోనే తిరుగుతుంది. అయితే ఇవి గోడ ప్లగ్గు దగ్గర కొలిచిన అసలు వాట్లు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వెయ్యి వాట్లు అని రాసి ఉన్న లైట్లను ప్లగ్గు మీటరుకు తగిలిస్తే అందులో పదో వంతు చూపడం మామూలే. మేత రెండు గ్రాములైతే ఈ లెక్క రెట్టింపు చేసుకోండి. అయితే రెట్టింపు చేసేటప్పుడు వీలైతే నాచు గది వైశాల్యం పెంచండి, తీవ్రత పెంచకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఎక్కువ లైటు పెడితే ఏం పోయింది, వేగంగా పెరుగుతుంది కదా అంటారు. పెరగదు. నీటిలో నైట్రేట్ ఉన్నంతే పెరుగుతుంది. మేత వేయకుండా ఎద్దును కొరడాతో అదిలిస్తే సాలు ముందుకు సాగదు. పోషకాలు చాలక, కాంతి మాత్రం మోతాదు మించితే నాచు పాలిపోతుంది, తునకలైపోతుంది. అప్పటిదాకా దాచుకున్నదంతా ట్యాంకులోకి వదిలేస్తుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపే నీళ్లలో డైనోఫ్లాజెల్లేట్లు, అదే ఆ గోధుమరంగు జిగురు, తలెత్తడం చాలామంది చూశారు. నైట్రేట్ లీటరుకు అయిదు నుంచి పది మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంచుకుంటే నాచుకూ మంచిది, చేపలకూ మంచిది.

ఇక్కడే ఫాస్ఫేట్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే లైటు మీద అన్యాయంగా పడే నింద ఇది. నైట్రేట్ సున్నాకు వచ్చింది, ఫాస్ఫేట్ మాత్రం దిగడం లేదు, ఇంకా పెద్ద లైటు కొనాలా అని అడుగుతారు. అట్కిన్సన్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు 1983లో సముద్రగర్భాన్ని అంటిపెట్టుకుని పెరిగే మొక్కల, నాచుల కూర్పును పరిశీలించి ప్రచురించారు. కర్బనం, నత్రజని, భాస్వరం సగటున 550, 30, 1 నిష్పత్తిలో ఉన్నాయి. నీటిలో తేలే ప్లవకాలకు మనం చదువుకునే రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి 106, 16, 1. అంటే పెద్ద నాచు ఒక భాగం భాస్వరం తీసుకునేలోపు ముప్పై భాగాల నత్రజని తీసుకుంటుంది. చేప మేతలో భాస్వరం వాటా అంతకంటే ఎక్కువ. కాబట్టి నైట్రేట్ ముందు అయిపోతుంది, ఫాస్ఫేట్ మిగిలిపోతుంది. ఇది కూర్పులోనే ఉన్న తేడా. దీన్ని ఏ దీపమూ మార్చలేదు. మిగిలిన ఫాస్ఫేట్‌కు ఇనుప ఆక్సైడ్ గుళికలు వాడండి, లేదా నైట్రేట్‌ను కొద్దిగా, కొలిచి, పైనుంచి కలపండి. లైటు జోలికి వెళ్లకండి.

ఇప్పుడు రంగు. మీలో ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదివినవారికి ఎంగెల్‌మాన్ ప్రయోగం గుర్తుండాలి. 1882లో ఆ జర్మన్ శాస్త్రవేత్త పట్టకంతో కాంతిని రంగులుగా విడదీసి, సూక్ష్మదర్శిని కింద ఒక ఆకుపచ్చ నాచు పోగు మీద పరిచాడు. ఆ నీటిలో ఆక్సిజన్‌ను వెతుక్కుంటూ వెళ్లే బ్యాక్టీరియా ఉంది. ఎర్ర కాంతి, నీలి కాంతి పడిన చోట బ్యాక్టీరియా గుంపులుగా చేరింది. అంటే ఆ రెండు చోట్లా ఆక్సిజన్ ఎక్కువ విడుదలవుతోంది. ఆ నాచు పేరు క్లాడోఫోరా. ఇది పరీక్షకు బట్టీపట్టిన పేరే, కానీ ఈ గదిలో దానికి ఇంకో విలువ ఉంది. మన కీటోమార్ఫాది కూడా అదే కుటుంబం. క్లాడోఫోరా కొమ్మలు వేస్తుంది, కీటోమార్ఫా వేయదు, అంతే. కాబట్టి మన నాచుకు ఏ రంగు కావాలో దాని దగ్గరి చుట్టం మీద 19వ శతాబ్దంలోనే చూసేశారు.

పత్రహరితం నీలంలో 430 నుంచి 450 నానోమీటర్ల దగ్గర, ఎరుపులో 640 నుంచి 680 మధ్య కాంతిని బాగా పీలుస్తుంది. ఊదా రంగులో కనిపించే గ్రో లైట్లు పుట్టింది దీని నుంచే. వాటిలో 660 నానోమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీలు ఎక్కువ, నీలం కొన్ని. విద్యుత్తు పొదుపు పరంగా ఎరుపుకు ఒక నిజమైన ఆధిక్యం ఉంది. ఎర్ర ఫోటాన్‌లో శక్తి తక్కువ. ఒక జౌలు శక్తితో 660 నానోమీటర్ల ఫోటాన్లు అయిదున్నర మైక్రోమోల్‌ల దాకా వస్తాయి, 450 దగ్గర 3.8 మాత్రమే వస్తాయి. నాచు లెక్కపెట్టేది ఫోటాన్లనే. వాటిలోని అదనపు శక్తి వేడిగా పోతుంది.

సముద్రంలో ఎర్ర కాంతి లోతుకు పోదు కదా, సముద్రపు నాచుకు ఎరుపు ఎందుకు అని అడిగేవారున్నారు. మంచి ప్రశ్న. పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి 660 నానోమీటర్ల ఎరుపులో రెండు శాతం కూడా మిగలదు, నిజమే. కానీ మన సంప్‌లో నీటి లోతు 20 సెంటీమీటర్లు. అక్కడ పోయేది ఎనిమిది శాతమే. పైగా కీటోమార్ఫా లోతుల్లో పెరిగేది కాదు, ఒడ్డు నాచు. విశాఖ తీరంలో అలలు బాదే రాళ్ల మీద దాని జాతిదే కీటోమార్ఫా ఆంటెనైనా కుచ్చులు కుచ్చులుగా పెరుగుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రవేత్తలు ఆ రాళ్ల మీద ఏ నాచు ఏ ఎత్తులో ఉంటుందో 1960ల నుంచే అధ్యయనం చేశారు. ఆటు సమయంలో అది నేరుగా మన ఎండను భరిస్తుంది, ఎరుపుతో సహా.

అయితే ఊదా లైటే కొనాలా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వద్దు. కొంచెం పొదుపు ఉన్నా వద్దు. వెచ్చటి తెల్లని ఎల్‌ఈడీ, పెట్టె మీద రాసే రంగు కొలతలో 3,000 నుంచి 4,000 కెల్విన్, అందులో 660 ఎరుపు కొన్ని కలిపి ఉంటే అది నా మొదటి ఎంపిక. ఊదా వెలుగులో ఆకుపచ్చ నాచు నల్లగా కనిపిస్తుంది. అది పాలిపోతున్నా, ఎర్రటి జిగురు పాచి పడుతున్నా, లోపల కుళ్లుతున్నా కంటికి తెలియదు. రెఫ్యూజియం నడిపే మనిషికి నాచు రంగే అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష, దాన్ని మనమే కమ్మేసుకోకూడదు. ఇంకొకటి, తెల్ల కాంతిలోని ఆకుపచ్చ భాగం వృథా అన్న మాట చాలా ప్రచారంలో ఉంది. పూర్తిగా వృథా కాదు. ఎరుపు, నీలం ముద్ద పైపొరలోనే ఆగిపోతే, ఆకుపచ్చ ఇంకాస్త లోపలికి చొచ్చుకుని వెళ్లి అక్కడి పోగులకు ఉపయోగపడుతుంది. కాలెర్పా అనే ఇంకో ఆకుపచ్చ నాచు పెంచేవారికి అయితే ఇది మరీ ముఖ్యం. అందులో సైఫోనాజాంథిన్ అనే వర్ణకం ఉంది, అది ఆకుపచ్చ కాంతిని పట్టుకునేదే. గ్రాసిలేరియా వంటి ఎర్ర నాచులకు ఫైకోఎరిత్రిన్ ఉంది, అదీ ఆకుపచ్చనే పీలుస్తుంది. ఎర్ర నాచు పెంచేవారు ఊదా లైటు కింద పెడితే దాని సొంత ఆయుధాన్ని వాడుకోనివ్వనట్టే.

పగడాలకు వాడే నీలం లైటు పాతది ఇంట్లో ఉంటే? వాడండి, పెరుగుతుంది. కొత్తగా మాత్రం కొనకండి, ఆ డబ్బుకు తక్కువ ఫోటాన్లు వస్తాయి.

తీవ్రత ఎలా కొలవాలి? ఫోటాన్లను కొలిచే పార్ మీటరు ఖరీదు ఎక్కువ. మీ సమూహంలో నలుగురు కలిసి ఒకటి కొనుక్కుని చేతులు మార్చుకోవడం మంచి పద్ధతి. అది లేనప్పుడు తెల్ల లైటుకు మాత్రం ఒక దారి ఉంది. చవకగా దొరికే లక్స్ మీటరు చూపిన అంకెను 70తో భాగించండి. 14,000 లక్స్ అయితే సుమారు 200 మైక్రోమోల్‌లు. ఎండకైతే 54తో భాగించాలి. ఊదా లైటుకు ఈ లెక్క అస్సలు పనికిరాదు, ఎందుకంటే లక్స్ మనిషి కంటి చూపును బట్టి నిర్ణయించిన కొలత. మన కన్ను 555 నానోమీటర్ల ఆకుపచ్చను బాగా చూస్తుంది, 660 ఎరుపును చాలా తక్కువగా చూస్తుంది. ఊదా లైటు మనకు మసకగా కనిపిస్తూనే నాచును మాడ్చేయగలదు.

ఇప్పుడు ఆ నాచు ముద్దను చేతిలోకి తీసుకుందాం. ఇదిగో, ఈ పళ్లెంలో పెట్టాను, ముందుకు వచ్చి చూడండి. ఒక పోగు విడదీసి భూతద్దం కింద పెడితే అది ఒకదాని చివర ఒకటి వరసగా అమరిన కణాలే. అడ్డంగా ఒకే కణం మందం. మంచి పోగు వేళ్ల మధ్య గరగరలాడుతుంది, వంచితే తిరిగి లేస్తుంది. మెత్తగా, జారుడుగా ఉంటే చచ్చిపోతోందన్న మాట. ముద్దను మధ్యకు విప్పండి. పైన నిగనిగలాడే ఆకుపచ్చ, లోపల తెల్లటి పోగులు, వాటి మధ్య గోధుమరంగు మడ్డి కనిపిస్తున్నాయా? లోపలికి కాంతి అందలేదు, నీరూ తిరగలేదు. ఇలాంటి ముద్దకు పెద్ద లైటు కొంటే పైపొర మాడుతుంది, లోపల చీకటి అలాగే ఉంటుంది. ముద్దను సగం కోసి పల్చగా పరిస్తే అదే లైటు సరిపోతుంది. తీవ్రత బదులు వైశాల్యం పెంచండి అని ఇందాక అన్నది ఇందుకే. ఒక స్థాయి దాటాక కిరణజన్య సంయోగక్రియ వేగం ఆగిపోతుంది, ఆపై పడే ఫోటాన్‌తో నాచుకు పని లేదు.

పాలిపోవడానికి కారణం ఎలా పోల్చుకోవాలి? ముద్దను తిరగేసి చూడండి. దీపం వైపు పాలిపోయి, కింది వైపు ముదురు ఆకుపచ్చగా ఉంటే కాంతి ఎక్కువైంది. దీపాన్ని పది సెంటీమీటర్లు పైకి ఎత్తండి, లేదా తగ్గించండి. అన్ని వైపులా సమానంగా పసుపు తిరిగితే కాంతి తప్పు కాదు, నైట్రేట్ చూడండి, అది ఉంటే ఇనుము తక్కువై ఉండొచ్చు. పోగుల మీద సన్నటి జుట్టు పాచి, గోధుమ పొర పడుతుంటే నీటి ప్రవాహం పెంచండి. విశాఖ రాళ్ల మీద ఆ నాచు అంత ఎండను తట్టుకుంటోందంటే అక్కడి అలల వల్లే. అల కొట్టిన ప్రతిసారీ కొత్త పోషకం, కొత్త కర్బనం పోగును తాకుతాయి. కదలని నీటిలో 200 మైక్రోమోల్‌లు కూడా ఎక్కువే. సంప్‌లో ముద్ద నెమ్మదిగా దొర్లుతుండేలా ఒక చిన్న పంపు పెడితే ప్రతి పోగుకూ వంతులవారీగా వెలుగు అందుతుంది.

సమయం గురించి. పైన ట్యాంకులో దీపాలు ఆరాక కింద రెఫ్యూజియం వెలగాలి. స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ 1980ల నాటికే తెరల మీద నాచు పెంచి నీటిని శుద్ధి చేసే పద్ధతిని రూపొందించాడు. తొట్టిలో రాత్రి అయినప్పుడు ఆ తెరలకు వెలుగు ఇవ్వడం అందులో భాగం. రాత్రి పూట చేపలు, రాళ్ల మీది జీవులు అన్నీ శ్వాసించి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, పీహెచ్ పడిపోతుంది. కింద వెలుగులో ఉన్న నాచు ఆ వాయువును వాడుకుంటుంది, పీహెచ్ పడటం తగ్గుతుంది. తలుపులు మూసి ఏసీ వేసుకుని పడుకునే గదుల్లో ఈ తేడా మరీ బాగా తెలుస్తుంది. హైదరాబాద్ వేసవికి ఇంకో లాభం కూడా ఉంది. దీపం వేడి మధ్యాహ్నం పూట కాక చల్లబడిన వేళ సంప్‌లోకి చేరుతుంది. మే నెలలో నీటిని చల్లబరిచే చిల్లర్ నడుపుతున్నవారికి ఇది చిన్న సంగతి కాదు. ఖర్చంటారా, 20 వాట్లు 14 గంటలు వెలిగితే నెలకు ఎనిమిదిన్నర యూనిట్లు.

అమరిక గురించి త్వరగా చెప్పేస్తాను. వెలుగు నాచు గదికే పరిమితం కావాలి. పక్కన పంపు గదిలోకి, స్కిమ్మర్ గదిలోకి పడితే అక్కడా పాచి పెరుగుతుంది, మధ్యలో నల్ల షీటు నిలబెట్టండి. దీపం అద్దం మీద ఉప్పు పొర వారం వారం తుడవండి. ఇక, ఈ ఒక్క విషయంలో నాకు రాజీ లేదు: ఉప్పునీటి మీద వేలాడే దీపం కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా వెలగకూడదు. తీగ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది, సాకెట్‌లోకి చేరదు. చెమ్మ తట్టుకునే ఐపీ 65 గుర్తు ఉన్న లైటే తీసుకోండి. డబ్బు మిగుల్చుకోవాలంటే మిగతా చోట్ల మిగుల్చుకోండి.

ఇంకేమైనా ప్రశ్నలుంటే అడగండి.

*ప్రశ్న: 24 గంటలూ వెలిగిస్తే నాచు ఇంకా పెరుగుతుందా? కాలెర్పాకు అలాగే పెట్టాలని అంటారు.*

కీటోమార్ఫాకు అవసరం లేదండీ. 12 నుంచి 16 గంటలు చాలు. మిగతా గంటల్లో పెట్టే కరెంటుకు తగ్గ కోత రాదు. కాలెర్పా సంగతి వేరు. అది సంతానోత్పత్తికి దిగితే తన కణద్రవ్యమంతా బీజాలుగా మార్చి నీటిలోకి వదిలి చనిపోతుంది. పనామా తీరపు పగడపు దిబ్బల మీద ఇది తెల్లవారుజామున సామూహికంగా జరగడాన్ని 1997లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. అక్వేరియంలో అదే జరిగితే నీరు పాలలా తెల్లబడి, ఆక్సిజన్ పడిపోతుంది. చీకటి లేకుండా చేస్తే అది ఆగుతుందని పెంపకందార్ల అనుభవం. నేనైతే ఆ కాపలా కంటే కీటోమార్ఫాను ఎంచుకోమంటాను.

*ప్రశ్న: సార్, మేడ మీద మొక్కలకు కొన్న గ్రో లైటు ఉంది. అది పనికొస్తుందా?*

తెల్లదై, ఇందాక చెప్పిన ఐపీ 65 గుర్తు ఉంటే నిరభ్యంతరంగా వాడండి. ముందు దాన్ని నీటికి 40 సెంటీమీటర్ల పైన కట్టండి, ఎనిమిది గంటలతో మొదలుపెట్టండి. కొత్తగా తెచ్చిన నాచు షాపులో మసక వెలుగులో ఉండి వచ్చి ఉంటుంది, మొదటి రోజే పూర్తి కాంతి ఇస్తే తట్టుకోలేదు. వారానికి రెండు గంటల చొప్పున పెంచండి. ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి వారం కోత బరువు, నైట్రేట్, ఫాస్ఫేట్ రాసుకోండి. కోత పెరుగుతూ నైట్రేట్ నిలకడగా ఉంటే అక్కడ ఆపేయండి. నైట్రేట్ ఇంకా పెరుగుతోంది, నాచు ఆరోగ్యంగా ఉంది అంటే అప్పుడు లైటు పెంచండి.

*ప్రశ్న: కోసిన నాచును ఏం చేయాలి? సముద్రంలో వదిలేయవచ్చా?*

దయచేసి ఎప్పుడూ వద్దు. సముద్రంలోనే కాదు, కాలువలో కూడా వద్దు. 1984లో మొనాకో తీరంలో అక్వేరియం జాతి కాలెర్పా టాక్సిఫోలియా కనిపించింది, అక్కడి నుంచి మధ్యధరా సముద్రంలో చాలా చోట్లకు వ్యాపించింది. 2000లో అదే నాచు కాలిఫోర్నియాలో ఒక ఉప్పు కయ్యలో బయటపడితే, దాన్ని నిర్మూలించామని ప్రకటించడానికి 2006 దాకా పట్టింది. మనకు దగ్గరలో మన్నార్ సింధుశాఖలో సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ నాచు పగడాల మీదకు పాకింది. కోసిన నాచును ముందు మీ దగ్గర నాచు తినే టాంగ్ చేపలుంటే వాటికి కొంత వేయండి, ఇష్టంగా తింటాయి. కొత్తగా రెఫ్యూజియం మొదలుపెడుతున్నవారికి కొంత ఇవ్వండి, కానీ ఇచ్చే ముందు చిన్న పురుగులు, జిగురు పాచి లేవని చూసి ఇవ్వండి. మిగిలినదాన్ని మంచినీటిలో రెండు మూడు సార్లు కడిగి ఉప్పు వదిలించి, మేడ మీద ఎండలో బాగా ఆరబెట్టి, మొక్కల కంపోస్టులో కలిపేయండి.